తప్పు ఇంట్లో పడ్డ సంచులు

మా బాబాయికి దారి తెలియదు. ఫలానా చోటికి దారి తెలియదని కాదు, అసలు దారి అనేదే తెలియదు. కుడికి తిరగమంటే ఎడమకి, ఎడమకి తిరగమంటే వెనక్కి తిరిగే మనిషి. అలాంటాయన ముప్ఫై ఒక్క ఏళ్లపాటు వ్యాను నడిపి సంసారం ఈదాడంటే నాకు ఇప్పటికీ నమ్మబుద్ధి కాదు. పైగా తప్పెప్పుడూ తనది కాదు. "నిన్న ఈ వీధి ఇక్కడే ఉందమ్మాయ్. రాత్రికి రాత్రి ఎవరో జరిపేశారు" అంటాడు, ఎంతో నిబ్బరంగా.

పోనీ, ఎవరినైనా అడగొచ్చుగా? అడగడు. "తెలియనివాళ్లు కదా అడగాల్సింది!" అంటాడు.

బాబాయంటే మా పిన్ని భర్త. ఆయన మా ఇంటి అల్లుడైంది కూడా దారి తప్పే. చూడ్డానికి వచ్చింది పక్కింటి అమ్మాయిని. వచ్చి కూర్చుంది మా ఇంట్లో. ఎవరో తెలిసినవాళ్లబ్బాయి కాబోలనుకుని తాతయ్య టీ పెట్టించాడు. టీ తెచ్చింది పిన్ని. బాబాయి నిదానంగా టీ తాగి, కప్పు కింద పెట్టి, "నాకిష్టమేనండీ" అన్నాడు.

"ఏమిటి నాయనా, టీయా?" అన్నాడు తాతయ్య.

"కాదండీ. మీ అమ్మాయి."

అక్కడ పక్కింటివాళ్లు మూడు గంటలు గుమ్మంలో నిలబడి ఎదురుచూశారట. ఈ రోజుకీ వాళ్లు మాతో మాట్లాడరు. పిన్ని మాత్రం, "ఈయన జన్మలో ఒక్కసారి మంచి చోట తప్పాడు" అని మురిసిపోతుంది.

బాబాయి ఉద్యోగం ఒక పెద్ద లాండ్రీలో. హోటళ్ల దుప్పట్లు, అక్కడ పనిచేసేవాళ్ల యూనిఫాంలు, ఇళ్ల బట్టలు తెచ్చి, ఉతికించి, ఇస్త్రీ అయ్యాక మళ్లీ ఎవరివి వాళ్లకి చేర్చాలి. ఈ చివరిదొక్కటే ఆయన వల్ల అయ్యేది కాదు. హెడ్మాస్టరుగారి ప్యాంటు పహిల్వాను ఇంటికీ, పహిల్వాను లాగూ హెడ్మాస్టరుగారింటికీ వెళ్లేవి. ఒక డాక్టరుగారు ఏడాదిపాటు హోటలు వంటాయన తెల్లకోటు తొడుక్కుని రోగులను చూశారనీ, ఆ ఏడాది ఒక్క రోగి కూడా ఫిర్యాదు చేయలేదనీ బాబాయి గర్వంగా చెప్పుకునేవాడు.

మరి యజమాని ఆయన్ని ఎందుకు ఉంచుకున్నాడంటే, బట్ట చేతికిస్తే చాలు, అది ఎవరిదో చెప్పేవాడు. గుర్తు చీటీ ఊడిపోయిన చొక్కాలన్నీ ఆయన ముందు కుప్ప పోసేవాళ్లు. కాలరు ఇలా తిప్పి, అలా తిప్పి, "ఇది మూడో అంతస్తు ముసలాయనది. మెడ ఎడమ పక్కకి వాల్చి నడుస్తాడు. ఇదేమో బస్సు కండక్టరుది, కుడి భుజం చూడు, సంచి తగిలించి తగిలించి ఎలా అరిగిందో" అనేవాడు. మనిషి తెలుసు. ఆ మనిషి ఉండే ఇల్లే తెలియదు.

అప్పుడొచ్చింది ఆ మాయదారి జ్వరం. బడులు, హోటళ్లు, సినిమా హాళ్లు, దుకాణాలు అన్నీ మూతపడ్డాయి. గడప దాటితే గొడవే. రేషను కార్డులున్న పేదలకు ఇంటింటికీ ఆహారం పంచమని నేను పనిచేసే సర్కారు ఆఫీసుకు ఆర్డరు వచ్చింది. మా ఆఫీసును తీసుకెళ్లి మూసేసిన ఒక బడిలో పెట్టారు. నాకు మూడో తరగతి గది ఇచ్చారు. ఎనిమిదేళ్ల పిల్లలు కూర్చునే బెంచీ మీద, మోకాళ్లు గడ్డానికి తగిలేలా కూర్చుని, ఏ వ్యానులో ఎన్ని సంచులు వెళ్లాయో, ఎన్ని ఇళ్లకి చేరాయో రాసేదాన్ని. నెల తిరిగేసరికి నా నడుము నాది కాకుండా పోయింది.

వ్యాన్లు చాలడం లేదన్నారు. పిన్ని ఫోను చేసింది. "మీ బాబాయి లాండ్రీ మూసేశారే. ఇంట్లో కూర్చుని నా చీరలు ఎవరివో నాకే చెబుతున్నాడు. నీకు పుణ్యముంటుంది, ఎక్కడన్నా పెట్టించు."

"పిన్నీ, అది సంచులు సరైన ఇంటికి చేర్చే పని!"

"అయితే ఏమైందే? లిస్టుంటుందిగా!"

నా బుద్ధి గడ్డి తిని, సరేనన్నాను.

ఒక్కో వ్యానుకు రోజుకు వంద సంచులు. సంచిలో పిండి, పప్పులు, నూనె, ఉప్పు, పాలపొడి ఉంటాయి. ఒక ఇంటికి అయిదు రోజులు వస్తుంది. దారిలో ఏ సంచి చిరిగిపోయినా, నూనె కారినా మార్చి ఇవ్వడానికి మరో పది ఎక్కువ ఇచ్చేవాళ్లం. సాయంత్రం తక్కిన డ్రైవర్లు ఆ పదిలో ఏడో ఎనిమిదో వెనక్కి తెచ్చి అప్పగించేవాళ్లు. మా బాబాయి వ్యాను మాత్రం ఊడ్చినట్టు ఖాళీగా వచ్చేది.

"వందా ఇచ్చావు. బాగుంది. మిగతా పదేవి బాబాయ్?"

"తప్పు ఇంట్లో పడ్డాయమ్మాయ్."

"పడితే వెనక్కి తీసుకోవాలి కదా?"

"ఎలా తీసుకుంటానే? గడప దాటిన వస్తువు వెనక్కి తేరాదు, జ్వరం అంటుకుంటుంది అని మీ ఆరోగ్యశాఖవాళ్లే కదా రాశారు. తొమ్మిదో నియమం." ఇరవై ఆరు నియమాల్లో ఆయన చదివింది ఆ ఒక్కటే.

"పోనీ ఏ ఇంట్లో పడ్డాయో చెప్పు, రాసుకుంటాను."

"అది తెలిస్తే తప్పు ఇల్లెందుకవుతుంది?"

ఏం రాయను? 'తెలియని ఇల్లు – పది' అని రాశాను. మర్నాడూ అదే. ఆ మర్నాడూ అదే. పైగా కార్డులున్నవాళ్ల నుంచి ఫోన్లు. పొద్దున రావాల్సిన సంచి సాయంత్రం దీపాలవేళకి వస్తోందని. దారి తప్పి తప్పి వెళ్తే అంతేగా! పదహారు రోజులకు నా పుస్తకంలో 'తెలియని ఇల్లు' నూట యాభై దాటింది. సొంత బాబాయిని తిట్టలేక, పళ్లు నూరుకోవడంతో నా పై దవడ నొప్పి పట్టుకుంది.

ఇక మా ఆఫీసరమ్మ గురించి చెప్పాలి. ఆవిడ బల్ల మీద పెన్సిళ్లు కూడా ఎత్తుల ప్రకారం నిలబడతాయి. ఆవిడకి అప్పట్లో మరో తలనొప్పి ఉంది. జ్వరం వల్ల పనులు పోయినవాళ్లకి కార్డు లేకపోయినా ఆహారం ఇవ్వొచ్చని పైనుంచి కొత్త ఉత్తర్వు వచ్చింది. తెల్ల కాగితం మీద పేరు, ఇంటి నంబరు, ఎంతమంది ఉంటారో రాసి, పని పోయిందని ఒక్క ముక్క రాస్తే చాలు. మైకు కట్టిన కారు వీధివీధీ తిరిగింది. పన్నెండు రోజుల్లో వచ్చిన దరఖాస్తులు రెండు. ఒకటి మా వాచ్‌మన్‌ది. రెండోది తన కుక్క తప్పిపోయిందని ఎవరో పెట్టుకున్నది.

శుక్రవారం పొద్దున ఆవిడ నన్ను పిలిచింది.

"చూడమ్మా. రేపు సాయంత్రానికి కనీసం పాతిక కొత్త ఇళ్లు చేరకపోతే ఈ అదనపు కోటా వెనక్కి వెళ్లిపోతుంది. అవసరం లేదనుకుంటారు పైవాళ్లు. దాంతోపాటు వ్యానుకి పది చొప్పున ఎక్కువ ఇచ్చే సంచులూ ఆపేయమన్నారు."

"అవసరం లేకేం మేడమ్! సగం ఊరికి పని లేదు."

"మరి ఒక్కరూ రారేం?" అంటూ నా పుస్తకం ముందుకు లాక్కుంది. "ఇంకో మాట. ఈ తెలియని ఇళ్లేమిటి? ఈయనెవరో సంచులు అమ్ముకుంటున్నాడని అంటే నువ్వేం జవాబు చెబుతావు? సోమవారం నుంచి ఈ వ్యాను ఆపేసెయ్."

బాబాయి మీద దొంగతనం పడుతుందని నాకు తట్టనే లేదు. దారి తెలియని మనిషే గానీ, దారి తప్పిన మనిషి కాదు. ఆ రోజు ఆయన పక్క సీట్లో కూర్చుని, సంచులు ఎక్కడ పడుతున్నాయో కళ్లారా చూడాలని వ్యాను ఎక్కాను.

లిస్టు నా ఒళ్లో ఉంది. "ఇక్కడ కుడికి బాబాయ్" అన్నాను. ఎడమకి తిప్పాడు. "బాబాయ్, కుడి!" "ఇది కుడే. నువ్వు అటు తిరిగి కూర్చున్నావు." అలా నాలుగు మలుపులు తిరిగేసరికి ఒక ఇరుకు సందులో, పాత నాలుగంతస్తుల మేడ ముందు ఆగాం. లిస్టులో ఆ సందు పేరే లేదు.

"ఇదే ఇల్లు" అన్నాడు.

"ఇది కాదు! నంబరు చూడు."

నంబరు చూడలేదాయన. తల బయటపెట్టి పైకి చూస్తున్నాడు. నేనూ చూశాను. బాల్కనీల నిండా ఆరేసిన బట్టలు. రెండో అంతస్తులో తీగ మీద పొడుగాటి ఎర్రకోటు, బంగారు రంగు గుండీలు.

"పెద్ద హోటల్లో గుమ్మం దగ్గర నిలబడి తలుపు తీస్తాడే, ఆయనది. పదిహేనేళ్లు నేనే ఉతికించాను. చూశావా, నేను ఈ పనిలో చేరినప్పటినుంచీ ఆ కోటు తీగ దిగలేదు. పక్కన పిల్లల గౌన్లు రెండూ రోజు మార్చి రోజు అవే. వాటికి గంజి పెట్టడం మానేసింది తల్లి. ఉన్న గుప్పెడు పిండి బట్టకి పెడుతుందా, పొయ్యి మీద పెడుతుందా?" అంటూనే పై అంతస్తు వైపు చూపించాడు. "ఆ నల్ల ప్యాంట్లు హోటలు వెయిటర్లవి. ముగ్గురు ఒకే గదిలో ఉంటారు. ఆ కిందది సినిమా హాల్లో టార్చిలైటు పట్టుకునేవాడిది."

నేను నోరు తెరిచాను. ఇంటి నంబరు చదివితే అర్థం కాని మనిషి, తీగ మీద బట్టలు చదువుకుంటూ ఊరంతా తిరుగుతున్నాడు.

"అంటే నువ్వు కావాలనే ఇస్తున్నావా?"

బాబాయి దొంగలా దొరికిపోయి, వెంటనే తేరుకున్నాడు. "ఛ ఛ! దారి తప్పానంతే."

"వాళ్లని అర్జీ పెట్టుకోమనొచ్చుగా! ఒక్క కాగితం ముక్క!"

"పెట్టరమ్మాయ్. జీవితమంతా ఎదుటివాడికి సలాం కొట్టి తలుపు తీసినవాడు, ఇప్పుడు చెయ్యి చాపి ఒకరి తలుపు ముందు నిలబడతాడా? చచ్చినా నిలబడడు. అదే, ఎవడో తలకుమాసినవాడు దారి తప్పి సంచి పడేసి పోయాడనుకో. అందులో చిన్నతనం ఏముంది?"

నాకు నవ్వూ వచ్చింది, కళ్లలో నీళ్లూ తిరిగాయి. మూతికి కట్టుకున్న గుడ్డ ఉండబట్టి సరిపోయింది.

ఇద్దరం రెండో అంతస్తుకి మెట్లెక్కాం. బాబాయి ఓరగా ఉన్న తలుపు సందులోంచి సంచి గడప లోపలికి తోసి, బెల్లు నొక్కి, "అమ్మా, మీ సంచి!" అని అరిచి మెట్లు దిగడం మొదలుపెట్టాడు. తలుపు తెరుచుకుంది. ఒకావిడ సంచి పట్టుకుని వెంటపడింది.

"అయ్యా! ఆగండయ్యా! ఇది మాది కాదని పోయినసారీ చెప్పాను, అంతకుముందూ చెప్పాను!"

"తొమ్మిదో నియమం!" అని కిందనుంచి కేక వేసి, బాబాయి రెండేసి మెట్లు దూకుతూ పారిపోయాడు. మోకాళ్ల నొప్పులని రోజూ మందు రాసుకునే మనిషి!

ఆవిడతో నేను మిగిలాను. ఇదే అదననుకుని తెల్లకాగితం, పెన్ను తీశాను. "అక్కా, ఒక్క ముక్క రాసివ్వండి. రేపు సాయంత్రం దాటితే లాభం లేదు. మీ పేరు లిస్టులో ఉంటే సంచి మీ హక్కుగా వస్తుంది."

ఆవిడ కాగితం వైపు చూడనైనా చూడలేదు. "మాకేం తక్కువమ్మా? రేపో ఎల్లుండో హోటలు తెరుస్తారు. మాకన్నా లేనివాళ్లకివ్వండి" అంది. లోపలినుంచి పిల్లలిద్దరూ సంచి వైపు చూస్తున్న చూపు నాకు కనిపిస్తూనే ఉంది.

నాకు ఒళ్లు మండింది. ఆవిడ మీద కాదు, ఈ పద్ధతి మీద. కానీ మండింది ఆవిడ ముందే. "మీ ఇష్టం! ఇలా తప్పు ఇళ్లకి సంచులిస్తున్నాడనే మా బాబాయిని సోమవారం నుంచి తీసేస్తున్నారు. అమ్ముకుంటున్నాడని కూడా అంటున్నారు" అనేసి గబగబా దిగిపోయాను.

ఆ రోజు మరో తొమ్మిది గుమ్మాలెక్కాను. తొమ్మిది చోట్లా అదే తంతు. అందరికీ మాకేం తక్కువే. కాగితాలు తెల్లగా వెళ్లాయి, తెల్లగా వచ్చాయి. ప్రతి చోటా కోపంలో బాబాయి మాట కూడా నోరు జారాను.

శనివారం మూడు గంటలైంది. మూడో తరగతి బెంచీ మీద ముడుచుకుని కూర్చున్నాను. మరో రెండు గంటల్లో కోటా వెనక్కి పోతుంది. ఆ గౌన్ల పిల్లలకి నిన్న ఇచ్చిందే ఆఖరి సంచి. బాబాయికి దొంగ పేరొకటి మిగులుతుంది. ఆఫీసరమ్మకి ఉన్నదంతా చెబుదామని లేచాను. కానీ నేను చెబితే కేసు ఖాయమవుతుందేమోనని మళ్లీ కూర్చున్నాను.

అప్పుడు గేటు దగ్గర ఎర్రగా కనిపించింది. కోటు ఇస్త్రీ మడతలు చెడకుండా, గుండీలు మెరుస్తుండగా, ఎర్రకోటాయన నిటారుగా నడుచుకుంటూ వచ్చాడు. అలవాటు చొప్పున మా వాచ్‌మన్‌కి తలుపు తీసి, వాణ్ని ముందు లోపలికి పంపి, తర్వాత తను వచ్చాడు. చేతిలో పొడుగాటి కాగితం ఉంది.

"ఆఫీసరుగారిని కలవాలండీ. నా పని మీద కాదు."

ఆఫీసరమ్మ ముందు నిలబడి, ఆ కాగితం తనే చదివాడు. నాకు ప్రతి ముక్కా గుర్తుంది.

"ఈ కింద సంతకాలు చేసిన నలభై ఒక్క ఇళ్లవాళ్లం. మాకు మీ సహాయం అక్కర్లేదు. ఈ అర్జీ మా కోసం కాదు. మీ వ్యాను డ్రైవరుగారు పెద్దాయన, అమాయకుడు, పాపం దారి బొత్తిగా తెలియదు. పొరపాటున మా ఇళ్లలో సంచులు పడేసి పోతున్నారు. వెనక్కి ఇవ్వబోతే నియమం ఒప్పుకోదంటూ పారిపోతున్నారు. ఈ సంగతి బయటపెడితే ఆయన ఉద్యోగానికి ముప్పని ఇన్నాళ్లూ గుట్టుగా ఉన్నాం. హోటళ్లూ, హాళ్లూ మూసేసి మాకు కూడా పనులు లేకపోవడం వల్ల, పారేయడానికి చేతులు రాక, వండుకుని తిన్నాం. ఆయన ఒక్కటీ అమ్ముకోలేదు. ఏ ఇంట్లో ఎంతమందిమి తిన్నామో పేర్లతో, ఇంటి నంబర్లతో సహా కింద రాశాం. పనులు మొదలయ్యాక మేమందరం వంతులవారీగా వచ్చి మీ దగ్గర బస్తాలు మోస్తాం. తప్పు మాది. పెద్దాయన్ని క్షమించి, ఉద్యోగంలో ఉంచండి."

నేను పది గుమ్మాల్లో జారిన మాట రాత్రికి రాత్రి నలభై ఒక్క ఇళ్లు తిరిగిందన్నమాట. ఆఫీసరమ్మ కాగితం తీసుకుంది. కళ్లద్దాలు సర్దుకుంది. చాలాసేపు చూసింది. తర్వాత దాన్ని నా చేతికిచ్చింది.

"పేర్లున్నాయా?"

"ఉన్నాయి మేడమ్."

"ఇంటి నంబర్లు? ఎంతమందో?"

"అన్నీ ఉన్నాయి మేడమ్."

"పనులు పోయినట్టు వాళ్లే రాశారా?"

"వాళ్ల చేత్తో వాళ్లే రాశారు మేడమ్."

"తెల్ల కాగితమేనా?"

నేను తిప్పి చూశాను. "వెనకవైపు హోటలు బొమ్మ ఉంది మేడమ్."

"ముందువైపు తెల్లగానే ఉందిగా" అంది. కాగితం వెనక్కి తీసుకుని, సొరుగు తెరిచి, ముద్ర తీసి, 'దరఖాస్తు అందినది' అని దభీమని కొట్టింది. బల్ల మీద పెన్సిళ్లన్నీ పడిపోయాయి. ఆవిడ ఎత్తలేదు.

ఎర్రకోటాయనకి ముద్ర సంగతి పట్టలేదు. "మరి ఆయన్ని తీసెయ్యరు కదండీ?" అన్నాడు ఆందోళనగా.

"ఇంతమంది అడిగాక ఎలా తీస్తానండీ? కానీ ఒక షరతు" అంది ఆఫీసరమ్మ, మొహం ముడుచుకుని. "ఆయన ఇకమీదట కూడా అయిదు రోజులకోసారి మీ ఇళ్లకి వస్తాడు. అలవాటైపోయింది, మానలేడు. మీరెవరైనా సంచి వెనక్కి ఇచ్చారంటే ఆయన ఉద్యోగం పోయినట్టే. జాగ్రత్త."

ఆయన క్షణం ఆలోచించాడు. తర్వాత కాళ్లు దగ్గరికి చేర్చి, పెద్ద హోటలు సలాం ఒకటి కొట్టాడు. "ఒక్కటీ వెనక్కి రానివ్వనండీ. పెద్దాయన కోసం ఆ మాత్రం చేయలేమా?" అని, బయటికి పోతూ మా ఇద్దరికీ కూడా తలుపు తీసి పట్టుకున్నాడు. మాకు వెళ్లాల్సిన పని లేకపోయినా బయటికి నడిచాం.

బడి ఆవరణలో బాబాయి వ్యాను తుడుచుకుంటున్నాడు. పరుగెత్తుకెళ్లి చెప్పాను. సంతోషంతో ఎగురుతాడనుకున్నాను. ఆయన మొహం కందగడ్డలా అయింది.

"ఏమిటీ? నాకు దారి తెలియదని సంతకాలు పెట్టారా?"

"అది కాదు బాబాయ్..."

"బొత్తిగా తెలియదని రాశారా? నలభై ఒక్క ఇళ్లవాళ్లూనా?" తుడిచే గుడ్డ నేలకేసి కొట్టాడు. "ముప్ఫై ఒక్క ఏళ్ల సర్వీసు నాది! ఎంత మాటన్నారు! ఇప్పుడే వెళ్లి ఒక్కొక్కళ్లనీ గుమ్మంలో నిలబెట్టి కడిగేస్తాను. ఎక్కించవే సంచులు!"

"పోట్లాడ్డానికి సంచులెందుకు బాబాయ్?"

"ఉత్త చేతులతో ఎవరింటికైనా వెళ్లి పోట్లాడతామటే?" అని, నలభై ఒకటీ తనే ఎక్కించుకుని, వ్యాను స్టార్టు చేసి, ఎర్రకోటాయన ఉండే సందు వైపు సరిగ్గా తిరిగాడు.